మాంటిసానో నుంచి కిందికి: మెల్విన్స్ దారిలో

నిర్వాణా పేరు మనవాళ్లలో చాలామందికి తెలుసు. ఆ బ్యాండ్‌ని నడిపిన కర్ట్ కొబైన్ టీనేజిలో ఎవరి సామాన్లు వ్యానుకెక్కించాడో, ఎవరి రిహార్సల్ గదికి పనిగట్టుకుని వెళ్లి కూర్చునేవాడో ఆ మెల్విన్స్ పేరు తెలిసినవాళ్లు తక్కువ. 1983లో మొదలైన బ్యాండ్, ఇప్పటికీ ఆగలేదు. స్లడ్జ్ మెటల్‌కి (నిదానంగా, బరువుగా సాగే రాక్) బీజం వేసినవాళ్లలో వీళ్లని ముందు చెబుతారు. రొదనే సంగీతంగా వాడే నాయిస్ రాక్ వాళ్లూ వీళ్లు మావాళ్లే అంటారు. పుట్టిన ఊరు మాంటిసానో, వాషింగ్టన్ రాష్ట్రంలో పడమటి కొసన ఉంటుంది. నేనుండే బెల్‌వ్యూ నుంచి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి అక్కడుండొచ్చు. అక్కడ మొదలుపెట్టి, 1988లో వాళ్లు మకాం మార్చిన శాన్‌ఫ్రాన్సిస్కో దాకా కారులో వెళ్లాలన్నది ప్లాను.

తోడు మా బావ. తెనాలిలో చిన్నప్పుడు కొన్నేళ్లు మృదంగం నేర్చుకున్నాడు. లయ తప్పితే సినిమా పాటైనా సరే మొహం చిట్లిస్తాడు. "డ్రైవింగ్‌కి వస్తాను గానీ, కారులో పాటలు మాత్రం సగం నావి, సగం నీవి" అని ముందే ఒప్పందం చేసుకున్నాడు.

బుధవారం, సియాటిల్

ఆఫీసయ్యాక బాలార్డ్ పేట వైపు వెళ్లాం. లియరీ వే మీద త్రికోణాకారంలో చిన్న బిల్డింగు ఒకటుంది. చూసుకోకపోతే దాటిపోతాం. 1986లో క్రిస్ హాన్జెక్, జాక్ ఎండినో కలిసి రెసిప్రొకల్ రికార్డింగ్ అనే స్టూడియో పెట్టింది ఇక్కడే. 1991 దాకా ఆ పేరుతో నడిచింది. 1988 జనవరి 23న మాంటిసానో పక్క ఊరు అబర్డీన్ నుంచి వచ్చిన కుర్రాళ్లు కొన్ని గంటల్లో పది పాటలు రికార్డు చేసుకుని వెళ్లారు. బిల్లు 152 డాలర్ల 44 సెంట్లు. నిర్వాణా చేతికొచ్చిన తొలి గట్టి డెమో అదే. దాని మీద డ్రమ్స్ వాయించింది నిర్వాణా మనిషి కాదు, మెల్విన్స్ డ్రమ్మరు డేల్ క్రోవర్. అప్పటికి వాళ్లకి సరైన డ్రమ్మరు లేక అరువు తెచ్చుకున్నారు. ఆ తర్వాత 1990లో డేవ్ గ్రోల్‌ని వాళ్లకి పరిచయం చేసింది కూడా మెల్విన్స్ గిటారిస్టు బజ్ ఆస్‌బోర్నే.

మెల్విన్స్ ప్లాస్టిక్ మీదికి ఎక్కింది ఆ డెమోకి రెండేళ్ల ముందే. హాన్జెక్, టీనా కసాల్ పెట్టిన సి/జెడ్ అనే చిన్న కంపెనీ 1986లో 'డీప్ సిక్స్' అని ఒక సంకలనం వేసింది. సౌండ్‌గార్డెన్, గ్రీన్ రివర్, మాల్‌ఫంక్షన్, స్కిన్ యార్డ్, యూ-మెన్, మెల్విన్స్: మొత్తం ఆరు బ్యాండ్లు. సియాటిల్ వైపు రాక్‌కి గ్రంజ్ అనే పేరు జనం నోట పడకముందే ఆ సరుకంతా ఒక్క రికార్డు మీద ఉంది. ఆ ఆరింటిలో మెల్విన్స్ ఒక్కళ్లే నలభై ఏళ్లూ పెద్ద విరామం లేకుండా పనిచేస్తూ వచ్చారు. సౌండ్‌గార్డెన్ కథ విజయం, విషాదం రెండూ చూసింది. గ్రీన్ రివర్ విడిపోయి ఒక ముక్క మడ్‌హనీ, మరో ముక్క పెర్ల్ జామ్ అయింది.

బిల్డింగు ముందు నిలబడి ఇదంతా చెబుతుంటే బావ ఫోనులో పార్కింగ్ టైము చూసుకుంటున్నాడు.

గురువారం, మాంటిసానో

ఐ-5 మీద ఒలింపియా. రాజధాని నగరం, కాఫీ తాగాం, అంతే. అక్కడి నుంచి పడమరకి తిరిగాక ఊళ్లు చిన్నవవుతాయి, చెట్లు పెద్దవవుతాయి, వాన మొదలవుతుంది.

ఎల్మా దాటుతుండగా ఎడమవైపు అడవి మీదుగా రెండు భారీ సిమెంటు బురుజులు లేచాయి. దాదాపు 500 అడుగుల ఎత్తు. సాట్సాప్ అణు విద్యుత్ కేంద్రం కూలింగ్ టవర్లు అవి. 1977లో పని మొదలైంది, ఒక్క యూనిట్ కరెంటు కూడా పుట్టకుండానే ఆగిపోయింది. దీని వెనకున్న ప్రభుత్వ విద్యుత్ సంస్థ 1983లో 2.25 బిలియన్ డాలర్ల బాండ్లకి డబ్బు కట్టలేక చేతులెత్తేసింది. అమెరికా మునిసిపల్ బాండ్ల చరిత్రలో అప్పటికి అంత పెద్ద ఎగవేత లేదు. అదే ఏడాది, ఇక్కడికి కూతవేటు దూరంలో, హైస్కూలు కుర్రాళ్లు ముగ్గురు బ్యాండ్ పెట్టారు. కలప మిల్లులు మూతపడుతున్న కాలం. వచ్చిన పెద్ద ప్రాజెక్టు కూడా ఇలా మొండిగా నిలబడిపోయింది. వీళ్ల సంగీతం ఎందుకంత బరువుగా ఉంటుందని ఎవరైనా అడిగితే ఈ టవర్లు చూపించాలనిపిస్తుంది. కానీ అది తేలికైన జవాబు. ఇదే వానలో, ఇవే మిల్లుల మధ్య పెరిగిన మిగతా పిల్లలు రేడియోలో వచ్చే హిట్లే విన్నారు.

మాంటిసానో జనాభా నాలుగు వేలు. గ్రేస్ హార్బర్ కౌంటీకి ఇదే ముఖ్యపట్టణం కాబట్టి గుమ్మటంతో పెద్ద కోర్టు బిల్డింగు ఉంది. ఊరు చెప్పుకునే గొప్ప మరొకటుంది: 1941లో అమెరికాలో మొట్టమొదటి 'ట్రీ ఫామ్' ఇక్కడే మొదలైంది. నరికిన చోట మళ్లీ నాటి, పంటలా కోసే కలప తోట. కోర్టు గురించి, తోట గురించి రాసిన బోర్డులు కనబడ్డాయి. మెల్విన్స్ గురించి ఒక్కటి కూడా నా కంటబడలేదు.

బజ్ ఆస్‌బోర్న్, బాస్ వాయించే మాట్ లుకిన్, డ్రమ్మరు మైక్ డిల్లార్డ్. ముగ్గురూ ఈ ఊరి హైస్కూలువాళ్లే. బజ్ థ్రిఫ్ట్‌వే అనే కిరాణా సూపర్‌మార్కెట్లో గుమాస్తాగా పనిచేసేవాడు. అక్కడ మెల్విన్ అని ఒక సూపర్‌వైజరు ఉండేవాడు. పనివాళ్లెవరికీ గిట్టేవాడు కాదు. బ్యాండ్‌కి వీలైనంత పిచ్చి పేరు కావాలనుకుని ఆయన పేరే పెట్టేసుకున్నారు. అదే దుకాణం వెనక పార్కింగ్ స్థలంలో, 1983 వేసవిలో, వీళ్లు ఉచితంగా ఒక షో ఆడారు. ఆ గుంపులో కర్ట్ కొబైన్ ఉన్నాడు. తను వెతుకుతున్నది ఇదేనని ఆ రోజు తెలిసిందని డైరీలో రాసుకున్నాడు.

మెయిన్ వీధి వెనక పార్కింగ్ స్థలాలన్నీ ఒకేలా ఉన్నాయి: తడి తారు, పసుపు గీతలు, పికప్ ట్రక్కులు. ఫలానా చోటే అని గుర్తుపట్టే పనిలోకి నేను దిగలేదు. కరెంటు ఎక్కడి నుంచి లాక్కున్నారో అని మాత్రం ఆలోచించాను. షో అంటే జనం, టికెట్టు, వేదిక అనుకుంటాం. వీళ్లకి కావలసింది ఒక ప్లగ్గు పాయింటు. స్వతంత్ర బ్యాండ్ అన్న మాటకి ఇంతకంటే మంచి వివరణ నాకు తెలియదు.

అప్పటికి వీళ్లు వాయించేది నిదానం కాదు. మొదట్లో జిమీ హెండ్రిక్స్, ద హూ పాటలు వాయించి, తర్వాత హార్డ్‌కోర్ పంక్‌లోకి వెళ్లి పరుగులు తీసేవాళ్లు. ఆ వేగం తగ్గింది పక్క ఊళ్లో. రాత్రికి అక్కడికే చేరి మోటెల్లో దిగాం.

శుక్రవారం, అబర్డీన్

వాన. ఇక్కడ ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైనే పడుతుంది. విజయవాడకి దాదాపు రెట్టింపు, అదీ మనలా రెండు మూడు నెలల్లో కుమ్మరించి వెళ్లిపోయేది కాదు.

ఊళ్లోకి వచ్చేదారిలో స్వాగతం బోర్డు కింద నిర్వాణా పాట మొదటి మాటలు చేర్చారు, 2005లో. విష్కా నది ఒడ్డున కొబైన్ పేరిట చిన్న పార్కు, పక్కనే ఆయన కాలక్షేపం చేసిన వంతెన. రాతలతో నిండిన కాంక్రీటు దిమ్మలు, ఎవరో పెట్టి వెళ్లిన పూలు. ఊరి చరిత్ర మ్యూజియం 2018 జూన్‌లో కాలిపోయింది, దాంతోపాటు అందులోని కొబైన్ వస్తువులూ పోయాయి. కాఫీ షాపులో ఆర్డరు తీసుకుంటున్నావిడ మమ్మల్ని చూసి, "కర్ట్ కోసం వచ్చారా?" అంది. మెల్విన్స్ కోసం అంటే కాసేపు ఆలోచించి, "వాళ్లు మాంటీ వాళ్లు కదా" అంది. పది మైళ్ల దూరానికే పరాయి ఊరు.

కానీ అసలు పని జరిగింది ఈ ఊళ్లోనే. 1984లో డిల్లార్డ్ వెళ్లిపోయాక, ఐరన్ మెయిడెన్ పాటలు వాయించే ఒక స్థానిక బ్యాండ్ నుంచి డేల్ క్రోవర్‌ని తెచ్చుకున్నారు. రిహార్సల్స్ అతని తల్లిదండ్రుల ఇంటి వెనక గదికి మారాయి. ఆ ఇల్లెక్కడో వెతకడం నాకిష్టం లేదు, ఎవరో ఒకరు కాపురం ఉంటారు. ఆ ఏడాదే కాలిఫోర్నియా బ్యాండ్ బ్లాక్ ఫ్లాగ్ ఒక ఆల్బమ్ వేసింది. అందులో రెండో వైపంతా పంక్ అభిమానులు తిట్టుకునేంత నిదానం. పంక్ అంటే వేగం అని అందరూ నమ్ముతున్న కాలంలో ఆ రెండో వైపునే పట్టుకుని, దాన్ని ఇంకా సాగదీసినవాళ్లు మెల్విన్స్.

బావకి ఇక్కడ ఆసక్తి పుట్టింది. మోటెల్ గదిలో 1991 నాటి 'బుల్‌హెడ్' ఆల్బమ్ మొదటి పాట పెట్టాను. పేరు 'బోరిస్', ఎనిమిదిన్నర నిమిషాలు. టోక్యోలో ఒక బ్యాండ్ ఈ పాట పేరే తమ పేరుగా పెట్టుకుంది. బావ మొదట ఫ్యాను పాడైందా అన్నట్టు పైకి చూశాడు. తర్వాత తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. రెండు చోట్ల చెయ్యి ముందే పడింది.

"ఆగు, మళ్లీ పెట్టు" అన్నాడు.

మళ్లీ పెట్టాను.

"చౌక కాలంరా ఇది, నిదాన గతి. మా మాస్టారు చెప్పేవారు, ద్రుతంలో, అంటే వేగంలో, తప్పులు దాగుతాయి, చౌకంలో దాగవని. రెండు దెబ్బల మధ్య ఖాళీని మోయాలి. ఈ డ్రమ్మరు మోస్తున్నాడు."

నేను చదివిన సమీక్షలన్నిటికంటే క్రోవర్ గురించి ఇదే సరైన మాట. ఆ నిదానం బద్ధకం వల్ల వచ్చింది కాదు. ముగ్గురూ కలిసి ఒక దెబ్బ దగ్గర ఆగి, తర్వాతి దెబ్బ కోసం ఎంతసేపు ఆగాలో ముగ్గురికీ తెలిసి ఉండాలి. లేకపోతే కుప్పకూలుతుంది.

గిటారు సంగతి కూడా చెప్పాను. మామూలు శ్రుతిలో లావు తీగ 'ఇ' స్వరంలో ఉంటుంది. దాన్ని 'డి'కి దించితే, లావు తీగలు మూడింటినీ ఒక్క వేలితో అదిమి బరువైన కార్డ్ పట్టుకోవచ్చు. చెయ్యి తేలిగ్గా జరుగుతుంది, ధ్వని కిందికి దిగుతుంది. సౌండ్‌గార్డెన్ గిటారిస్టు కిమ్ థాయిల్ ఈ పద్ధతి తనకి బజ్ వల్ల తెలిసిందని చెప్పాడు. (థాయిల్ తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్లినవాళ్లు. గ్రంజ్‌లో మన వైపు చుట్టరికం అదొక్కటే.) ఇక రొద: ఆంప్లిఫయర్ ముందు గిటారు పెడితే స్పీకరు ధ్వనికే తీగలు కదిలి, ఆ కదలిక మళ్లీ స్పీకర్లోకి వెళ్లి, తిరిగి తీగల్లోకి వచ్చి, చక్రంలా పెరుగుతూ కూత పెడుతుంది. మైకు ముందు మన పెళ్లిళ్లలో వినబడే కూత అదే. అందరూ పరిగెత్తి దాన్ని ఆపుతారు, నాయిస్ రాక్ వాళ్లు దాన్ని ఒక స్వరంగా వాడతారు.

శనివారం, దక్షిణంగా

వెస్ట్‌పోర్ట్ లైట్‌హౌస్ చూశాం. 1898 నాటిది, 107 అడుగులు, రాష్ట్రంలో ఎత్తైనది. గాలికి గొడుగు తిరగబడింది. వెంటనే కారెక్కాం.

101 రోడ్డు మీద సముద్రం వచ్చి పోతుంటుంది. ఆస్టోరియా దగ్గర కొలంబియా నది మీద నాలుగు మైళ్ల వంతెన, 1966లో తెరిచారు. దాని మీద ఉండగా నా వంతు పాటలు: 1992 నాటి ఆల్బమ్, 31 నిమిషాలు, సీడీ మీద మొత్తం ఒకే ముక్క. దీనికి 'లైసాల్' అని పేరు పెట్టారు. అది క్రిమిసంహారక మందు బ్రాండు, మన ఇళ్లలో లైజాల్‌గా వచ్చేదే. ట్రేడ్‌మార్క్ గొడవ వస్తుందని తెలిసి అచ్చయిపోయిన అట్టల మీద పేరు కనబడకుండా టేపు అంటించారు. అలా ఆల్బమ్‌కి బ్యాండ్ పేరే మిగిలింది.

మొదటి పది నిమిషాలు పాట అనదగ్గది ఏదీ రాదు. గిటారు తీగ ఒకటి మోగుతుంది, తగ్గుతుంది, మళ్లీ మోగుతుంది. నిజాయితీగా చెప్పాలంటే కారులో వినాల్సిన రికార్డు కాదిది. ఇంజన్ మోతలో సగం మునిగిపోయింది. తర్వాత వంతు బావది, ఘంటసాల వచ్చాడు. పోర్ట్‌లాండ్ శివార్లలో రాత్రి బస.

ఆదివారం, ఐ-5

పొద్దుట్నుంచి రాత్రి దాకా డ్రైవింగ్. ఓరెగాన్ దాటి, షాస్తా కొండ మంచు చూసుకుంటూ కాలిఫోర్నియాలోకి. ఇద్దరం మార్చుకుంటూ నడిపినా నడుములు పట్టేశాయి. చెప్పుకోవలసిన దృశ్యం షాస్తా ఒక్కటే.

ఇలాంటి డ్రైవ్ చేశాకే 2012లో మెల్విన్స్ చేసిన పని అర్థమవుతుంది. 51 రోజుల్లో 51 షోలు. యాభై రాష్ట్రాల్లో ఒక్కొక్కటి, వాషింగ్టన్ డి.సి.లో ఒకటి. సెప్టెంబర్లో అలాస్కాలో మొదలుపెట్టి అక్టోబర్లో హవాయిలో ముగించారు. సెలవు రోజు లేదు. అప్పటికి బజ్‌కి నలభై ఎనిమిదేళ్లు. ఆ విడతలో బాస్ గిటారుకి బదులు ట్రెవర్ డన్ నిలువు బాస్ వాయించాడు, ఆ నిలువెత్తు వాద్యాన్ని కూడా ఊరూరా మోసుకెళ్లారు. ఒక్క షో తప్పినా లెక్క చెడుతుంది. తప్పలేదు.

"ఎందుకురా అంత?" అన్నాడు బావ.

ఎందుకంటే వీళ్లకి అది బతుకుదెరువు. రేడియోలో పాట రాదు, సినిమాలో రాదు. రోడ్డు మీద ఉంటేనే డబ్బు, రాత్రి టీషర్టులు అమ్ముడైతేనే రేపటి పెట్రోలు. కళాకారుడి తపస్సు లాంటి పెద్ద మాటలు నేను ఇక్కడ వాడదల్చుకోలేదు. దీన్ని పనికెళ్లడం అంటే చాలు.

సోమవారం, శాన్‌ఫ్రాన్సిస్కో

1988లో బజ్, క్రోవర్ ఇక్కడికి వచ్చేశారు. లుకిన్ రాలేదు, సియాటిల్‌లో మడ్‌హనీలో చేరాడు. ఇక్కడ బాస్ అందుకున్నది లోరి బ్లాక్, హాలీవుడ్ బాలనటి షిర్లీ టెంపుల్ కూతురు. రికార్డులు వేసింది స్థానిక కంపెనీలే, మొదట ఆల్కెమీ, తర్వాత బోనర్. వాటి ఆనవాళ్ల కోసం తిరగడం దండగ. హెయిట్ వీధిలో అమీబా రికార్డు షాపుకి వెళ్లాం. ఒకప్పుడు బౌలింగ్ ఆడుకునే హాలు అది, 1997 నుంచి సంగీతం అమ్ముతున్నారు. 'ఎం' అరలో మెల్విన్స్ కార్డు వెనక రికార్డులు బారుగా ఉన్నాయి. బావ ఒక్కొక్కటీ తీసి వెనక అట్ట చదవడం మొదలుపెట్టాడు, బ్యాలెన్స్ షీటు చూసే మనిషి కదా, కంపెనీ పేర్ల మీద పడ్డాడు.

కథ మొత్తం ఆ పేర్లలోనే ఉంది. నిర్వాణా పేరు మోగిపోయాక పెద్ద కంపెనీలు వాయవ్యంలో దొరికిన ప్రతి బ్యాండ్‌నీ పట్టుకున్నాయి. మెల్విన్స్‌ని అట్లాంటిక్ తీసుకుంది. 1993లో వచ్చిన 'హూడినీ' మీద కొన్ని పాటలకి కొబైన్ పేరు నిర్మాతగా ఉంది. ఆ పని అతనితో ముందుకు సాగక మిగతాది వాళ్లే పూర్తి చేసుకున్నారు. మూడు ఆల్బమ్‌లయ్యాక, 1996లో, అట్లాంటిక్ వదిలేసింది. చాలా బ్యాండ్లు అక్కడే కూలిపోయాయి. వీళ్లు కూలలేదు, ఎందుకంటే పెద్ద కంపెనీ ఎప్పుడో వదిలేస్తుందన్నట్టుగానే మొదటి నుంచీ బతికారు. ఒప్పందం నడుస్తుండగానే, 1994లో, మినియాపొలిస్‌లోని నాయిస్ రాక్ కంపెనీ యాంఫెటమిన్ రెప్టైల్‌కి ఇంకో ఆల్బమ్ ఇచ్చారు. అట్ట మీద బ్యాండ్ పేరు అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది. బావ ఆ అట్ట చూసి గట్టిగా నవ్వాడు. "ఇది మన ఆడిటర్లకి తెలిసిన విద్యే" అన్నాడు.

1999లో రాక్ గాయకుడు మైక్ పాటన్, గ్రెగ్ వెర్క్‌మన్ ఇపెకాక్ అనే సొంత కంపెనీ పెట్టారు. ఏడాది తిరక్కుండా మెల్విన్స్ మూడు ఆల్బమ్‌లు అక్కడి నుంచి వచ్చాయి. అప్పటి నుంచి అదే ఇల్లు. దానికి తోడు యాంఫెటమిన్ రెప్టైల్ ద్వారా కొన్ని వందల కాపీలే వేసే ప్రత్యేక రికార్డులు, చేత్తో అచ్చువేసిన అట్టలతో. చాలా అట్టల డిజైను బజ్ భార్య మాకీ ఆస్‌బోర్న్‌ది. మనుషుల్ని కూడా ఇలాగే కుదుర్చుకుంటారు. 2006లో బిగ్ బిజినెస్ అనే బ్యాండ్‌లోని ఇద్దరినీ కలుపుకుని రెండు డ్రమ్ సెట్లతో ఆడారు. బాస్ వాయించేవాళ్లు ఎంతమంది మారారో చెప్పడం కష్టం, కొన్నేళ్లుగా రెడ్ క్రాస్ బ్యాండ్ స్టీవెన్ మెక్‌డొనాల్డ్ ఉన్నాడు. 2023లో, అదే టోక్యో బోరిస్‌తో కలిసి 'బుల్‌హెడ్' మొత్తం వాయిస్తూ టూరు పెట్టుకున్నప్పుడు క్రోవర్‌కి వెన్నెముక ఆపరేషన్ జరిగింది. టూరు ఆపలేదు, బిగ్ బిజినెస్ డ్రమ్మరు కోడీ విల్లిస్ వచ్చి కూర్చున్నాడు.

మీడియా వీళ్ల గురించి రాసినప్పుడల్లా మొదటి వాక్యం కొబైన్‌తో మొదలవుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను, పాఠకుడికి ఒక గుర్తు కావాలి కాబట్టి. కానీ అర ముందు నిలబడితే ఆ లెక్క తిరగబడుతుంది. నాకు వీళ్ల కథలో అన్నిటికంటే నచ్చే సంగతికి కొబైన్‌తో సంబంధమే లేదు: 1984లో వెళ్లిపోయిన మైక్ డిల్లార్డ్ పాతికేళ్లు దాటాక తిరిగొచ్చాడు. క్రోవర్ డ్రమ్స్ అతనికి వదిలి తను బాస్ అందుకున్నాడు. 'మెల్విన్స్ 1983' అని పిలిచే ఆ జట్టు 2013లో, 2021లో ఆల్బమ్‌లు వేసింది. 2025లో క్రోవర్ లేకుండా బజ్, డిల్లార్డ్ అదే పేరుతో మరొకటి వేశారు. మాంటిసానో హైస్కూలు పరిచయం, అరవయ్యో పడిలో ఇంకా రికార్డు వేస్తోంది.

బావ 'బుల్‌హెడ్' కొన్నాడు. ఇంట్లో రికార్డ్ ప్లేయరు లేదు కదా అంటే, "కొంటాలే" అన్నాడు. అద్దె కారు వేరే ఊళ్లో తిరిగిస్తున్నందుకు అదనపు చార్జీ ఎంతో అప్పుడే చూసుకుని ఇద్దరం గతుక్కుమన్నాం. విమానానికి ఇంకా టైముంది. బే దాటి బర్కిలీ వెళ్తే గిల్మన్ వీధిలో కుర్రాళ్లే నడుపుకునే పంక్ క్లబ్ ఉంది, 1986 చివరి రోజున మొదలైంది, చూసొద్దామా అన్నాడు బావ. ఫోన్లో చూస్తే సోమవారం షో లేదు. ఎయిర్‌పోర్ట్ దారి పట్టాం.